నానీ, చేను అడివి కాదురా

ఒరే నానీ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, బెంగుళూరు ఉద్యోగం మానేసి వచ్చి మన నాలుగెకరాలూ నువ్వే చేస్తావంట, అదీ పురుగుమందు డబ్బా మూత తియ్యకుండా. విన్న దగ్గర్నుంచీ నా కాలు ఒకచోట నిలవట్లేదు. మీ తరంలో మన ఇంట్లో మట్టి ముట్టుకుంటానన్నోడివి నువ్వొక్కడివే, ఆ మాటకి పొంగిపోయా, పడుకున్నాక మాత్రం గుండెల్లో రాయి పడింది. ఫోన్లో చెప్తే మధ్యలో "తెలుసత్తా తెలుసత్తా" అంటావు కాబట్టి వాట్సాప్‌లో టైపు చేస్తున్నా, ఎంత పొడుగైనా చివరిదాకా చదువు.

మట్టి పరీక్ష, విత్తనశుద్ధి, ఈ-క్రాప్ నమోదు, జీవామృతం కలపడం ఇవన్నీ రైతు సేవా కేంద్రంలో చెప్తారు, వెళ్ళి కనుక్కో. కౌలుకి చేస్తున్న అతనితో మర్యాదగా మాట్లాడు, దాళ్వా, అదే రెండో పంట, కోత అయ్యేదాకా అతన్ని కదపొద్దు.

అసలు విషయం వేరే. "ప్రకృతిని దాని మానాన వదిలేస్తే బ్యాలెన్స్ దానంతటదే అవుతుంది" అని మీ అమ్మతో అన్నావంట. అక్కడే నాకు భయం వేసింది. మన చేను అడివి కాదురా. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసి కాలవలు తవ్వించాక మనిషి చేతులతో నడుస్తున్న మడి ఇది. జూన్‌లో కాలవకి నీళ్ళొదిలితే తడుస్తుంది, వేసవిలో కట్టేస్తే ఎండుతుంది, ఆ నీళ్ళని నమ్ముకునే కప్పలూ తూనీగలూ నత్తలూ కొంగలూ వచ్చి చేరతాయి. నువ్వు చెయ్యి తీసేస్తే తుంగా ఊదా లాంటి కలుపు మొక్కలు ఎక్కి కూర్చుంటాయి, అంతే. నీళ్ళు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తియ్యాలి, యూరియా ఎంత, గట్టు మీద ఏం ఉంచాలి, ఏం పీకాలి అన్నీ నువ్వే తేల్చాలి. మందు మానేస్తే పని తగ్గుతుందనుకుంటున్నావేమో, పెరుగుతుంది, ఎందుకంటే రోజూ వంగి చూడాలి.

ఎలా చూడాలో చెప్తా. నాట్లేసి నెల దాటాక పొద్దున్నే చేలోకి దిగి ఒక దుబ్బుని రెండు చేతులతో విడదీసి నీటికి కొంచెం పైన మొదట్లో చూడు. గోధుమ రంగు దోమ, మనల్ని కుట్టేది కాదు, వరి రసం పీల్చే పురుగు, అక్కడే ఉంటుంది, తడితే నీళ్ళలో రాల్తుంది. దుబ్బుకి పది పదిహేను దాకా కనపడితే అప్పుడు కంగారు పడాలి, అంతకు తక్కువైతే చుట్టూ ఇంకెవరున్నారో చూడు. నీళ్ళ మీద పరిగెత్తే సాలీడు ఉంటుంది, ఆడది వెనకాల తెల్లటి గుడ్ల సంచి ఈడ్చుకుంటూ తిరుగుతుంది, పిల్లలు బయటికొచ్చాక అన్నిట్నీ వీపు మీద ఎక్కించుకుంటుంది, అది రోజూ ఎన్ని దోమల్ని తింటుందో నువ్వే కూర్చుని చూడు. పచ్చగా చిన్న నల్లి ఒకటుంటుంది, మిరిడ్ నల్లి అంటారు, అది దోమ గుడ్లని పీల్చేస్తుంది. వీళ్ళందరూ నీ కూలీలు, కూలి అడగరు. కానీ దోమ బొత్తిగా లేకపోతే వాళ్ళూ ఉండరు, కాబట్టి చేలో కాస్త పురుగు కనపడగానే బెంబేలెత్తిపోయి కషాయం డ్రమ్ములు దింపకు. వేప కషాయమైనా అక్కర్లేని చోట కొట్టడం ఎందుకు?

ఇప్పుడు మీ నాన్న సంగతి ఒకటి చెప్తా, నీకెప్పుడూ చెప్పి ఉండడు.

ఎనభైల్లో మాట, మీ నాన్నకి అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. కప్పకాళ్ళు విదేశాలకి పోయేవి, వాటికి మంచి రేటు. ఊళ్ళోకి ఏజెంట్లు వచ్చి కుర్రాళ్ళకి గోనెసంచులూ పెట్రోమాక్స్ లైట్లూ ఇచ్చేవాళ్ళు. తొలకరి వాన పడగానే బోదురుకప్పలు పైకొస్తాయి చూడు, మగవి పచ్చటి పసుపురంగెక్కి గొంతుకి రెండుపక్కలా నీలం సంచులు ఉబ్బించి ఊరంతా వినబడేలా అరుస్తాయి, ఆ నాలుగు రాత్రులే వాటి పెళ్ళిళ్ళ సీజను. సరిగ్గా అప్పుడే పట్టేవాళ్ళు. కళ్ళలో లైటు పడితే కదలకుండా నిలబడిపోతాయి, చేత్తో తీసి సంచిలో వెయ్యడమే. గుడ్లు పెట్టకముందే పోయేవి. తెల్లారేసరికి కాళ్ళు కోసి ఐసు పెట్టెల్లో సర్దేసి మిగతాది కాలవగట్టు మీద పారబోసేవాళ్ళు, ఆ కంపుకి అటు వెళ్ళలేకపోయేవాళ్ళం. మీ నాన్న ఆ డబ్బుతో సైకిల్ కొన్నాడు. మా నాన్న, అంటే మీ తాత, కసిరాడు గానీ గట్టిగా ఆపలేదు, ఎందుకంటే ఇంట్లో డబ్బు అవసరం ఉంది, ఊళ్ళో అందరూ చేస్తున్నారు.

రెండు మూడేళ్ళకి తొలకరి వచ్చినా రాత్రిళ్ళు చప్పుడు లేదు. బోదురుకప్ప ఊరికే అరిచే జంతువు కాదు కదా, పురుగుల్ని తింటుంది, చిన్న పీతల్ని తింటుంది, ఎలుకపిల్ల దొరికినా వదలదు. ఆ సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఊరంతా స్వర్ణ రకం వరి వేశారు, యూరియా దంచి కొట్టారు, దోమ పడింది. ఒక్క కప్పల్లేకే పడిందని నేను చెప్పను, అబద్ధం అవుతుంది. కానీ తినేవాళ్ళలో ఒకళ్ళు పోయారు, ఆ భయానికి మిగతావాళ్ళని మందుతో మనమే పంపించేశాం. పైనుంచి కొట్టిన మందు దుబ్బు మొదట్లోకి దిగదు, సాలీళ్ళూ నల్లులూ చచ్చాయి, దోమ గుడ్లు మాత్రం ఆకుతొడిమ లోపల భద్రంగా ఉన్నాయి. వారం పది రోజుల్లో పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాడు ఒక్కడూ లేడు. మళ్ళీ కొట్టారు, ఇంకా పెద్ద మందు. సుళ్ళు సుళ్ళుగా చేను మాడిపోయింది, ఇంటి వెనక మూడు మళ్ళలో గడ్డి కూడా పశువులకి పనికిరాలేదు. మీ నాన్న ఆ మాడిన మడిలో నిలబడి ఒక్క మాట మాట్లాడలా.

1987లో ప్రభుత్వం కప్పకాళ్ళ ఎగుమతి ఆపేసింది. దానికి ముందేడాది ఇండోనేషియాలో వరికి వాడే 57 రకాల పురుగుమందుల్ని ఒక్కసారే నిషేధించారు, అక్కడా కొట్టేకొద్దీ దోమ పెరగడమే కారణం, ఇది నేను మార్టేరు వరి పరిశోధన కేంద్రం రైతు సదస్సులో విన్నా. మీ నాన్న తర్వాత ఏం చేసేవాడో తెలుసా, దమ్ము చేసేటప్పుడు కప్ప కనపడితే ఎడ్లని ఆపి దాన్ని తీసి గట్టు మీద పెట్టి మళ్ళీ కదిలేవాడు. కూలీలు విసుక్కునేవాళ్ళు. వాడి కొడుకువి నువ్వు ఇప్పుడు ఈ పని చేస్తానంటే నాకెలా ఉంటుందో నీకు తెలీదురా.

అందుకే ఈ నాలుగు మాటలూ గట్టిగా పట్టుకో. నాలుగెకరాలూ ఒకేసారి మార్చొద్దు, ఈ సార్వాకి ఒక ఎకరం చాలు. ఏళ్ళ తరబడి మందు తాగిన నేల, తినేవాళ్ళు తిరిగొచ్చేలోపు పురుగే ముందొస్తుంది, ఆ మొదటి పంటలకి దిగుబడి తగ్గితే తట్టుకోవడానికి చేతిలో జీతం ఉండాలి, ఉద్యోగం అప్పుడే వదిలెయ్యకు. సెలవు పెట్టుకునో, ఇంటి నుంచి పనో అడిగి చూడు. నాట్లప్పుడు రెండు మీటర్లకో కాలిబాట తూర్పు పడమరగా వదలమను, గాలీ ఎండా మొదట్లోకి దిగితే దోమకి నచ్చదు, కూలీలు జాగా వేస్టంటారు, వినకు. పై చేనాయన మందు కొట్టిన రోజు నీ తూము మూసెయ్యి, మన మడికి నీళ్ళు వాళ్ళ మడిలోంచే వస్తాయి, గొడవ పెట్టుకోకుండా ముందురోజే చెప్పమని అడుగు. గట్లు నున్నగా గీకించి గడ్డిమందు కొట్టించకు, సాలీళ్ళు మడి ఎండిన రోజుల్లో తలదాచుకునేది అక్కడే, గట్టు మీద కందో బంతో వెయ్యి.

ఇంకోటి, నాకు అన్నిటికంటే భయం ఇదే. పాములు. గట్ల మీద గడ్డి ఉంచితే ఎలుకలుంటాయి, ఎలుకలుంటే పాములొస్తాయి. జెర్రిపోతుని చంపొద్దు, ఎలుకల్ని అది తిన్నట్టు ఏ ఎలుకబుట్టా పట్టదు. కానీ చీకట్లో తూము తియ్యడానికి చెప్పుల్లేకుండా వెళ్ళే అలవాటు మన ఇంట్లో మగాళ్ళందరికీ ఉంది, మీ చిన్నతాతని కట్లపాము కరిచింది అలాగే, మంత్రం వేయించుకుంటూ కూర్చుని పొద్దెక్కాక ఆస్పత్రికి తీసుకెళ్ళారు, అప్పటికే ఆలస్యమైంది. మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో టార్చి లైటు లేకుండా సాయంత్రం అయిదు దాటాక చేలో నువ్వు కనపడితే నేను ఊరుకోను. ఏదైనా కరిస్తే అదేం పామో వెతుకుతూ కూర్చోకు, కట్లు కట్టకు, కోయకు, నేరుగా గవర్నమెంటు ఆస్పత్రికే, విరుగుడు ఇంజెక్షన్ అక్కడే ఉంటుంది, నంబరు ఇప్పుడే ఫోన్లో పెట్టుకో.

కాలవలకి నీళ్ళొదలకముందే ఒకసారి రా, గట్లు కలిసి తిరుగుదాం, ఏ మడిలో నీళ్ళు నిలుస్తాయో ఏది త్వరగా ఎండుతుందో నేను చూపిస్తా. మీ అమ్మని కూడా తీసుకురా. నీ కాలు సైజు చెప్పు, బూట్లు నేనే తణుకులో కొనిపెడతా.

మీ అత్త