మార్మోసెట్ ఈనిన తరువాత మగదాన్ని వేరు చేయాలా?

శ్రీకాకుళం నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో పెంచుతున్న మార్మోసెట్ (ఒక రకం చిన్న కోతి) జంటకు రెండో ఈతలో మూడు పిల్లలు పుట్టి, వాటిలో ఒకటి చనిపోయింది. తల్లి నీరసంగా ఉన్నందున మగదాన్నీ, తొలి ఈత పిల్లలనూ కొన్నాళ్లు వేరే బోనులో ఉంచవచ్చా?

ఉంచవద్దు. ఒక పరిశోధన సంస్థలో ఈ కోతుల పెంపకం చూసుకుని, ఇప్పుడు విజయనగరం జిల్లాలో పశువైద్యం చేస్తున్న నాకు ఈ సందేహం కొత్త కాదు. మేకల మందలోంచి పోతును తప్పించినట్లు ఇక్కడ తండ్రిని తప్పిస్తే నష్టపోయేది తల్లే. ఆమె బరువు 350 నుంచి 400 గ్రాములైతే, పుట్టిన పిల్ల ఒక్కొక్కటి సుమారు 30 గ్రాములు ఉంటుంది; ఆ భారాన్ని తండ్రి, అన్నలు, అక్కలు వంతులవారీగా వీపున మోస్తేనే ఆమెకు మేత తినే తీరిక దొరుకుతుంది. మా దగ్గర ఒక తల్లి పాలివ్వడం ముగించగానే పిల్లను కొమ్మకు రాసి దింపేయాలని చూసేది. పిల్ల కీచుమనగానే తండ్రి వచ్చి వీపు ఆనించేది.

మూడో పిల్ల పోయిందని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అడవిలో సాధారణంగా కవలలే పుడతాయి. బోనులో పుష్కలంగా తిని బరువెక్కిన ఆడదానిలో ఎక్కువ అండాలు విడుదలై ముగ్గురు పుట్టడం మామూలే కానీ, పాలిచ్చే రొమ్ములు మాత్రం రెండే.

అసలు చిక్కు తరువాతి చూలుతో వస్తుంది. పాలిస్తున్నా ఈ జాతిలో అండం విడుదల ఆగదు. ఈనిన 10 నుంచి 20 రోజుల్లోనే మళ్లీ కట్టవచ్చు, గర్భకాలం సుమారు 144 రోజులు కనుక అయిదు నెలలు దాటగానే మరో ఈత సిద్ధమవుతుంది. విరామం కావాలంటే కుటుంబాన్ని విడదీయకుండానే మగదానికి వేసెక్టమీ (వీర్యనాళాలను కత్తిరించే శస్త్రచికిత్స) చేయించవచ్చు. ఇళ్లలో పెంచేవారికి నేను చెప్పేది అదే. ప్రయోగశాలల్లో క్లోప్రోస్టెనాల్ సూదితో తొలిదశ గర్భాన్ని ఆపుతారు. అది ఆవులను ఎదకు తేవడానికి మేము వాడే మందే అయినా, మోతాదు, వేళ తెలిసిన వైద్యుడు తప్ప వేరెవరూ ముట్టకూడదు.

తొలి ఈత పిల్లలు ఇప్పుడు తమ్ముళ్లను మోయడం నేర్చుకోకపోతే రేపు తమ పిల్లలను సాకడం వాటికి కష్టమవుతుంది. తల్లి ఈనుతున్నంతకాలం కూతుళ్లలో అండోత్పత్తి చాలావరకు అణిగి ఉంటుంది. అయితే ఆ అణచివేతను నమ్ముకుని ఎల్లకాలం అలాగే వదిలేయకూడదు. ఆవు కవలల్లో కోడెదూడతో పుట్టిన పెయ్య సాధారణంగా గొడ్డుబోతుంది. కానీ మార్మోసెట్ కవలలు గర్భంలో రక్తం పంచుకున్నా ఆడది చూలుకు పనికివస్తుంది. అందుకే ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య, లేదా అంతకుముందే కొట్లాటలు మొదలైతే అప్పుడే, ఎదిగిన పిల్లలను రక్తసంబంధం లేని జతలతో వేరే బోనుల్లో పెట్టాలి. ఇవి సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని జంతువులు కనుక 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించి, జననమరణాలనూ అక్కడే తెలపాలి.

ఇక మీ ఆడదాన్ని తరచుగా తూచండి. సూదిలేని సిరంజిలో కరిగించిన తుమ్మబంక చూపిస్తే కొద్ది రోజుల్లో అదే త్రాసు ఎక్కి కూర్చుంటుంది; పాలిచ్చే రోజుల్లో బరువు వరుసగా తగ్గుతుంటే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి.