పాత డీజిల్ స్విఫ్టా, షోరూమ్ వ్యాగన్ఆరా?

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. కోతలు పోను చేతికి 48 వేలు వస్తుంది. మావారి మొబైల్ రిపేర్ షాపు మీద నెలకు సుమారు 22 వేలు. అద్దె 9 వేలు, పిల్లలిద్దరి ఫీజులు నెల లెక్కన 6 వేలు, చిట్టీ 10 వేలు, ఎల్ఐసీ 3 వేలు, ఇంటి ఖర్చూ అత్తయ్యగారి మందులూ కలిపి 24 వేలు పోతాయి. 3.20 లక్షల ఎఫ్‌డీ ఉంది. చిట్టీ 3 లక్షలది, 30 నెలలు, 11 కట్టాం. బడి 22 కిలోమీటర్లు. బస్సు టైముకి రాదు. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కలేకపోతున్నారు. వ్యాగన్ఆర్ వీఎక్స్ఐకి షోరూమ్ వాళ్లు 6.98 లక్షల కొటేషన్ ఇచ్చారు. మా మరిది స్నేహితుడి దగ్గర 2018 డీజిల్ స్విఫ్ట్ ఉంది. 78 వేల కిలోమీటర్లు తిరిగింది, 4.75 లక్షలు అంటున్నాడు. రోజూ తిరిగేవాళ్లకి డీజిలే కలిసొస్తుందని స్టాఫ్‌రూమ్‌లో అందరి మాట. కావాలంటే చిట్టీ పాడుకోవచ్చు, కానీ కమీషన్ కాక ఇంకో 60 వేలు పోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: టీచర్‌గారూ, కారు గురించి అడిగేవాళ్లు రంగుతో సహా అన్నీ రాస్తారు, జీతం మాత్రం దాచేస్తారు. మీరు ఇంటి లెక్క మొత్తం రాశారు కాబట్టి నా పని సగం తేలికైంది. వచ్చేది 70 వేలు, పోయేది 52 వేలు, మిగిలేది 18 వేలు. ఈ 18 వేలల్లోనే కారు ఇమడాలి. నా సలహా ముందే చెప్పేస్తాను. స్విఫ్ట్ వద్దు, షోరూమ్ కారు ఇప్పుడే వద్దు. 2022లోనో ఆ తర్వాతో తయారైన, ఒకే ఓనర్ వాడిన చిన్న పెట్రోల్ కారు నాలుగు లక్షల చుట్టుపక్కల వెతకండి. ఎందుకో చెప్తాను.

మొదట మీరు నెలకు ఎంత తిరుగుతారో చూద్దాం. రానూ పోనూ 44 కిలోమీటర్లు, సెలవులు పోను నెలకు సగటున 18 రోజులు. ఆసుపత్రి, ఊరు, పెళ్లిళ్లు కలిపితే వెయ్యి కిలోమీటర్లు అనుకోవచ్చు. మీకు చెప్పిన వ్యాగన్ఆర్ వీఎక్స్ఐది లీటరు ఇంజిన్. కంపెనీ చెప్పే మైలేజీ 24.35. మన స్పీడ్ బ్రేకర్లు, ఏసీ, బడి ముందు ట్రాఫిక్ చూసుకుని 18 వేసుకోండి. లీటరు 107 చొప్పున నెలకు దగ్గర దగ్గర 5,950 పెట్రోలుకే పోతుంది.

ఇప్పుడు షోరూమ్ కొటేషన్. 6.98 లక్షల్లో కారు ధర 5.52 లక్షలు. లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 77 వేలు. దాంట్లో బేరం లేదు. మిగిలిన 69 వేలల్లో ఉంది అసలు కథ. ఇన్సూరెన్స్ 34 వేలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ 12 వేలు, యాక్సెసరీస్ 17 వేలు, హ్యాండ్లింగ్ అని 6 వేలు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి. వెయ్యి సీసీ లోపు కార్లకు 2022లో ఖరారు చేసిన రేటు 6,521 రూపాయలు, ఏ కంపెనీలోనైనా అంతే. కాబట్టి తేడా అంతా సొంత డ్యామేజీ ప్రీమియంలోనే ఉంటుంది. షోరూమ్‌లోనే తీసుకోవాలని రూలేమీ లేదు, అదే ఐడీవీకి (బీమా కంపెనీ మీ కారుకు కట్టే విలువ) బయట రెండు చోట్ల అడగండి. మ్యాట్లు, సీటు కవర్లు బజార్లో వేయించుకుంటే 17 వేలు అక్కర్లేదు. హ్యాండ్లింగ్ దేనికని గట్టిగా అడిగితే చాలాచోట్ల కొట్టేస్తారు.

ఇవేవీ తగ్గకపోతే, ఎఫ్‌డీలోంచి 2 లక్షలు పెట్టినా ఇంకా ఐదు లక్షల దాకా అప్పు తేవాలి. 9 శాతానికి ఐదేళ్లంటే ఈఎంఐ 10,379. దాని మీద పెట్రోలు 5,950, బీమాకి సర్వీసుకి నెలకు కనీసం 2 వేలు పక్కన పెట్టాలి. మొత్తం 18,300 దాటింది. మీకు మిగిలేది 18 వేలు. అత్తయ్యగారికి ఒక ఎంఆర్ఐ రాస్తే క్రెడిట్ కార్డు తీయాల్సిందే. సేల్స్ అబ్బాయి అప్పుడు ఏడేళ్ల లోను చూపిస్తాడు, ఈఎంఐ 8,045కి దిగుతుంది. వడ్డీ మాత్రం 1.23 లక్షల నుంచి 1.76 లక్షలకు ఎక్కుతుంది. పెద్దోడు ఇంటర్‌కి వచ్చేసరికి కూడా ఆ కారు కంతులు కడుతూనే ఉంటారు.

స్విఫ్ట్ సంగతికి వద్దాం. స్టాఫ్‌రూమ్ మాట పూర్తిగా తప్పని అనను. ఆ 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ మంచిదే, లీటరుకు 20 ఇస్తుందనుకున్నా నెలకు 1,150 దాకా మిగులుతుంది, ఏడాదికి 14 వేలు. కానీ ఎనిమిదేళ్ల డీజిల్ బండికి ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్ అని ఏదో ఒకటి మొదలవుతుంది. ఒక్క పెద్ద రిపేరుతో రెండు మూడేళ్ల ఆదా ఎగిరిపోతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది, దాన్ని ఎవరూ లెక్కేయరు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఈ బండికి 2033తో ముగుస్తుంది. మీరు ఆరేళ్లు వాడి 2032లో అమ్మబోతే, కొనేవాడికి మిగిలేది ఏడాది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, ఫీజు కట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మారుతీ 2020 ఏప్రిల్ నుంచే డీజిల్ కార్లు మానేసింది. అప్పటికి అలాంటి బండిని ఎవరు ఎంతకు అడుగుతారో ఊహించుకోండి.

కారు కొనేటప్పుడు నేను వేసే లెక్క ఒకటే: కొన్న ధరలోంచి అమ్మే ధర తీసేసి, వాడిన ఏళ్లతో భాగించడం. ఆరేళ్లు వాడతారనుకుందాం. అమ్మే ధరలు నా అంచనా, మీ మెకానిక్‌ని కూడా అడగండి. 6.98 లక్షల కొత్త కారు 3.10 లక్షలకు పోతే ఏడాదికి 65 వేలు కరిగినట్టు. 4.75 లక్షల స్విఫ్ట్ 1.10 లక్షలకు పోతే 61 వేలు. చూశారా, పాత బండి కొత్తదానితో సమానంగా కరుగుతోంది! అదే నాలుగేళ్ల పెట్రోల్ కారు 4.20 లక్షలకు తీసుకుని, టైర్లు, బ్యాటరీ, బీమా, పేరు మార్పిడికి ఇంకో 35 వేలు పెట్టి, 1.90 లక్షలకు అమ్మితే ఏడాదికి 44 వేలు.

స్విఫ్ట్ ఆయన 4.75 దగ్గర ఆగడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతం ఉన్నది 18కి దిగింది. కొత్త కార్లు ఎనిమిది శాతానికి పైగా చవకయ్యాయి. కొత్తది తగ్గితే పాతది కూడా తగ్గాలి కదా. అమ్మేవాళ్లు చాలామంది ఇంకా పాత రేటులోనే ఉన్నారు. మీరు ఏ సెకండ్ హ్యాండ్ కారు చూసినా, ఆ మోడల్ కొత్తది ఈ రోజు ఎంతో అడిగి తెలుసుకుని బేరానికి కూర్చోండి.

2022 తర్వాతది అని ఎందుకన్నానంటే, ఆ ఏడాది జనవరి నుంచి తయారయ్యే ప్రతి కారులోనూ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేశారు. అంతకుముందువి కొన్నిటికి డ్రైవర్ వైపే ఉండేది. రోజూ హైవే మీద వెళ్తారు కాబట్టి ఇంకో మాట. కార్లను గుద్దించి చూసి అయిదుకి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2023లో వ్యాగన్ఆర్‌కు పెద్దవాళ్ల రక్షణలో ఒక్క స్టారే వచ్చింది, ఆల్టో కె10కి రెండు. టాటా టియాగోకు 2020లో నాలుగు వచ్చాయి. మైలేజీ ఒకట్రెండు తగ్గినా నేనైతే 2022 టియాగో కూడా చూస్తాను. అత్తయ్యగారికి మాత్రం వ్యాగన్ఆర్ ఎత్తు బాగుంటుంది, వంగకుండా కూర్చోవచ్చు. ఆమెను తీసుకెళ్లి రెండింట్లోనూ ఎక్కించి, దించి చూడండి. ఏ పత్రికలోని రివ్యూ కంటే ఆమె మోకాళ్ల మాటే నిజం.

సీఎన్‌జీ అయితే, మీ దారిలో బంకు, అక్కడ క్యూ చూసుకోండి. డిక్కీ సగం సిలిండర్‌కే పోతుంది. రోజుకు 44 కిలోమీటర్లకు ఎలక్ట్రిక్ కారు సరిగ్గా సరిపోతుంది, తెలంగాణలో 2026 డిసెంబరు దాకా రోడ్ ట్యాక్స్ కూడా లేదు. కానీ మీది అద్దె ఇల్లు. ఓనర్‌గారు ఛార్జింగ్ పాయింట్ పెట్టుకోనిస్తారా అన్నది తేలాలి, ధర కూడా మీ బడ్జెట్ దాటుతుంది.

డబ్బు ఎలా సర్దాలో చూద్దాం. చిట్టీ ఇప్పుడు పాడకండి. 60 వేలు వదులుకుంటే, 30 నెలల్లో మిగిలిన 19 నెలల ముందు డబ్బు చేతికొస్తుంది. అదే 2.40 లక్షలు బ్యాంకు 9 శాతానికి ఐదేళ్లు ఇస్తే తీసుకునే వడ్డీ 59 వేలు. బ్యాంకు ఐదేళ్లకు తీసుకునేది మీరు 19 నెలలకే ఇస్తున్నట్టు. ఎఫ్‌డీలోంచి 2 లక్షలు తీయండి, 1.20 లక్షలు కదిలించొద్దు. మొత్తం ఖర్చు 4.55 లక్షల్లో మిగిలిన 2.55 లక్షల్లో 2.50 అప్పు తీసుకోండి, ఐదు వేలు చేతి నుంచి. పాత కారుకు వడ్డీ ఎక్కువ, 13 శాతం అనుకుందాం. నాలుగేళ్లకు ఈఎంఐ 6,707. పెట్రోలు 5,950, బీమా, రిపేర్లకు 2,500. మొత్తం 15,150. నెలకు ఇంకా 2,850 మిగులుతుంది, బొటాబొటే. చిట్టీ ముగిసేసరికి అప్పు 1.66 లక్షలు ఉంటుంది. ఆ డబ్బుతో ఒకేసారి తీర్చేస్తే ఈఎంఐ, చిట్టీ రెండూ ఆగిపోయి నెలకు 16 వేలకు పైగా మీ చేతిలో మిగులుతుంది. ముందే కట్టేస్తే పెనాల్టీ ఎంతో సంతకానికి ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఈ 19 నెలల్లో టైట్ అనిపిస్తే వారంలో రెండు రోజులు బస్సెక్కండి. మహాలక్ష్మి పుణ్యమా అని పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో మీకు టికెట్ లేదు కదా.

కారు చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేశారన్నమాట, చల్లారాక మళ్లీ రండి. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మంలో, బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందులో కొన్ని శుభ్రంగా కడిగి మళ్లీ బజారుకొచ్చాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, కొసన బురద మరక ఉందా చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి, స్టెప్నీ కింద తుప్పు చూడండి. టైరు మీద నాలుగంకెలుంటాయి, 3522 అంటే 2022లో 35వ వారం తయారైందని. 40 వేలు తిరిగిందని చెప్పిన కారు క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరు తిప్పారన్న అనుమానం రావాలి. సర్వీస్ సెంటర్లో నంబరు చెప్పి పాత సర్వీసుల కిలోమీటర్లు అడగండి. మెకానిక్‌కి వెయ్యో రెండు వేలో ఇచ్చి వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్‌ని కాదు!

ఢిల్లీ కార్లు చవగ్గా వస్తాయని ఎవరైనా అంటే తొందరపడకండి. అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. పదిహేనేళ్ల కింద నేను చుట్టం దగ్గర కారు కొన్నాను, డబ్బంతా ఇచ్చాక తెలిసింది ఆర్సీ మీద ఫైనాన్స్ తీరలేదని. ఏడు నెలలు తిరిగాను. ఆ ఇంటి గృహప్రవేశానికి పిలిచినా వెళ్లలేదు. మీరు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనర్ పేరు, ఫైనాన్స్, బీమా గడువు చూడండి, చలాన్లు కూడా చూడండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీ మీద ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు. పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు పెట్టించి ఆర్టీఏలో వేయండి. పాలసీ 14 రోజుల్లోపు మీ పేరు మీదకు మార్పించుకోండి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, మీ ప్రీమియం కాస్త పెరుగుతుంది. ఆ తేడా మీరు కట్టాల్సిందే.

ఇక మరిదిగారికి ఏం చెప్పాలన్నది మిగిలింది. ఆ కారును తప్పుపట్టొద్దు, ధర మీద బేరానికి అసలే దిగొద్దు. దిగితే ఆయన నాలుగుంబావుకు వస్తాడు, మీరు కాదనలేక ఇరుక్కుంటారు. 'డబ్బు సలహాలిచ్చే ఆయన డీజిల్ వద్దే వద్దన్నాడు' అని నెపం నా మీదకు తోసేయండి, నాకేం ఇబ్బంది లేదు.