పాప తల విసిరితే పట్టుకుని ఆపొద్దు

అమ్మాయ్,

నువ్వు పంపిన వీడియో చూశా, ఎమ్మారైలో జూబేర్ సిండ్రోమ్ అన్నారని, చిన్నమెదడు మధ్య భాగం సరిగా పెరగలేదని రాశావు కదా, మా మనవడికీ అదే కాబట్టి తెలిసింది చెప్తున్నా.

గిలక్కాయ చూపిస్తే పాప తల విసురుగా పక్కకి కొడుతోందని, మీ అత్తగారు అలవాటైపోతుందని తల పట్టుకుంటున్నారని అన్నావు, అది మాత్రం వెంటనే మాన్పించు. మనమైతే చటుక్కున కళ్ళు తిప్పేస్తాం, తల తర్వాత వస్తుంది. ఈ పిల్లలకి కళ్ళు అలా పక్కకి తిప్పడం రాదు, తల ఒక వైపు తిరిగితే కళ్ళు రెండో వైపు మూలకి పోయి అక్కడే ఆగిపోతాయి, అందుకని తలని ఆ వస్తువు దాటిపోయేదాకా విసిరి కళ్ళని దాని మీదకి లాక్కొస్తారు, చూపు కుదిరాక తల మెల్లగా వెనక్కొస్తుంది. వీడియో స్లోమోషన్‌లో పెట్టు, నీకే కనబడుతుంది. పాప తనంతట తాను కనిపెట్టుకున్న దారమ్మా అది, ఆపితే చూపు ఆపినట్టే. మెడ నిలబడని నెలల్లో అది కూడా చేతకాదు గనక చూపే లేదేమో అని భయపడతారు చాలామంది. నడుముకి ఆసరా ఇచ్చి కూర్చోబెట్టు, తల ఫ్రీగా వదిలెయ్, బొమ్మ చూపించాక కాసేపు ఓపిక పట్టు, వెంటనే ఇంకోటి చూపించకు.

అయితే నిద్ర లేవగానే తల ముందుకి వాలిపోయి చేతులు ఎగిరి కళ్ళు పైకెళ్ళి, కొన్ని సెకన్లకోసారి వరసగా వస్తుంటే మాత్రం అది వేరే, ఒక రకం ఫిట్స్ కావచ్చు, వీడియో తీసుకుని అదే రోజు పిల్లల న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తు, ఈఈజీ (మెదడు కరెంటు టెస్ట్) తీయాలి. ఊపిరి ఆగి నీలంగా మారితే దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకే పరిగెత్తు, ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకు.

ఈ జబ్బు కిడ్నీ, లివర్, రెటీనా (కంటి లోపలి పొర) మీద కూడా పడొచ్చు గనక, పాప హుషారుగా ఉందని వాటి టెస్టులు వదిలెయ్యకు, డాక్టర్ చెప్పిన గడువుకి ప్రతి ఏడాదీ చేయించు. కొంచెం పెద్దయ్యాక నీళ్ళు ఎక్కువ తాగుతూ ఎక్కువ పాస్ పోస్తోందంటే అది కిడ్నీ సమస్య కావచ్చు, అప్పటిదాకా కూడా ఆగొద్దు. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అని ఎదుగుదల సమస్యలున్న పిల్లల్ని చూసే ప్రభుత్వ కేంద్రం ఉంటుంది, ఫిజియోథెరపీ ఫ్రీ.

మీది మేనరికం కదా, నీ వల్లే అని ఎవరన్నా అంటే అననియ్యకు, ఈ జబ్బులో మామూలుగా లోపమున్న జీన్ అమ్మ నుంచీ నాన్న నుంచీ ఇద్దరి నుంచీ వస్తుంది, మళ్ళీ కడుపొస్తే ప్రతిసారీ ఆ బిడ్డకీ ఇదే జబ్బు వచ్చే ఛాన్స్ 25 శాతం ఉంటుంది, కాబట్టి రెండో బిడ్డ సంగతి అనుకునే ముందే జీన్ రిపోర్ట్ చేతిలో ఉండాలి. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు ఎమ్మారై ఫిల్మ్‌తో పాటు సీడీ కూడా పట్టుకెళ్ళు, ఈ వీడియోలు ఫోన్‌లోంచి డిలీట్ చెయ్యకు.

మీ పెద్దమ్మ