కొత్తగా ఆశా కార్యకర్తగా చేరిన మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతికి మామయ్య ఆశీస్సులు.

నీకు ఉద్యోగం వచ్చిందని తెలిసి సంతోషించాను. చాలా ఏళ్లు తెమడ పరీక్షలు చేసినవాడిని గనుక, క్షయ విషయంలో నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇల్లిల్లూ తిరిగేటప్పుడు "మీ ఇంట్లో టీబీ ఉందా?" అని అడగకు, ఎవరూ ఉందనరు. రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు, సాయంత్రానికి వచ్చే జ్వరం, రాత్రిపూట చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తపు జీర, వీటిలో ఏ ఒక్కటైనా ఉందేమో విడివిడిగా అడుగు. చుట్ట దగ్గేనని కొట్టిపారేసే ముసలివాళ్లనూ, షుగరున్నవాళ్లనూ అసలే వదలకు.

పరీక్షకు కావలసింది కళ్లె, కానీ నా దగ్గరికి వచ్చిన డబ్బాల్లో తరచుగా ఉమ్మే ఉండేది. ఉమ్మిలో క్రిమి దొరక్క, జబ్బు లేదనుకొని మనిషి ఇంటికి వెళ్లిపోయేవాడు. అందుచేత ఉదయం లేవగానే ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతునుంచి దగ్గి చిక్కటి కళ్లె తీయాలని దగ్గరుండి చెప్పు. ఆ సమయంలో నీవు ఎదురుగా కాక గాలి వచ్చే వైపు నిలబడు. పేరు మూత మీద కాదు, డబ్బా మీదే రాయి. మూతలు మారిపోయి ఒకరి ఫలితం మరొకరికి రాసిన తప్పు నేనే ఒకసారి చేశాను. ట్రూనాట్ యంత్రం వచ్చాక క్రిమి ఉనికితో పాటు క్షయకు ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా తెలుస్తోంది, కానీ డబ్బాలో ఉమ్మి ఉంటే ఆ యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

మందులు మామూలు క్షయకు ఆరు నెలలు. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పు, లేకపోతే భయపడి మానేస్తారు. అయితే కళ్లు పచ్చబడినా, చూపు మందగించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపు. దగ్గు తగ్గి ఒళ్లు పట్టే రెండో నెలలోనే మందులు మానేసేవారు ఎక్కువ, కాబట్టి అప్పుడే తరచుగా వెళ్లు. 2024 నవంబరు నుంచి క్షయ రోగుల తిండికి ప్రభుత్వమిచ్చే నిక్షయ్ పోషణ సొమ్ము నెలకు 1000 రూపాయలు. బ్యాంకు ఖాతా వివరాలు ఎక్కించారో లేదో మొదటి వారంలోనే చూడు.

ఇంట్లో మిగిలినవారికి, ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లలకు, పరీక్ష చేయించి, జబ్బు లేదని తేలితే ముందుజాగ్రత్త మందు ఇప్పించు. కంచం, చెంబు వేరు చేయనక్కరలేదు, గాలి ఆడేలా కిటికీలు తెరిస్తే మేలు. ఇక డబ్బాను చేత పట్టుకొని వీధిలో నడవకు, సంచిలో పెట్టుకొని వెళ్లు.

ఇట్లు,
మీ మామయ్య