మూడు షిఫ్టుల ఇంట్లో ఒక హస్కీ

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని బల్లార్షా. నా వయసు 34. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ఓవర్‌మన్‌ని, అంటే షిఫ్టు పని చూసే పర్యవేక్షకుణ్ని. పొద్దున 7 నుంచి 3, మధ్యాహ్నం 3 నుంచి 11, రాత్రి 11 నుంచి 7. వారానికో షిఫ్టు మారుతుంది. ముచ్చటపడి తెచ్చుకున్న సైబీరియన్ హస్కీ జాతి కుక్కకు ఇప్పుడు 20 నెలలు, 22 కిలోలుంది. నా భార్య టీచర్. నేను డ్యూటీలో ఉంటే దాన్ని తిప్పడం, వెంట్రుకలు ఊడ్చడం అంతా ఆమె మీద పడింది. అది సోఫా చింపింది, రెండుసార్లు గోడ దూకి పోయింది. రాత్రిళ్లు ఊళ పెడుతుంటే ఇంటికి కీడని మా అమ్మ భయపడుతోంది. పక్కింటివాళ్లూ అడుగుతున్నారు. ఈ ఎండాకాలం లోపు ఏదో ఒకటి తేల్చమంటోంది నా భార్య. సిరొంచలో మా మామయ్య చేను దగ్గర కట్టేద్దామా? లేక మంచు దేశాల్లో బండి లాగించినట్టు స్కూటరుకు కట్టి పరిగెత్తిస్తే అలిసిపోయి ఊరుకుంటుందా? దాన్ని వదులుకోలేను, ఉద్యోగం మానలేను.

జవాబు: చేను ఆలోచన ముందే పక్కన పెట్టండి. సిరొంచ ఎండ బల్లార్షా ఎండకు తీసిపోదు, పైగా చేను దగ్గర కూలర్ ఉండదు. హస్కీకి వేట బుద్ధి ఎక్కువ. గొలుసు తెగిన రోజు కోళ్లూ మేకపిల్లలూ మిగలవు, తెగకపోతే చిరుతకు అదే దొరుకుతుంది. పొట్టి గొలుసుతో పొద్దస్తమానం కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా. స్కూటరు మాట అసలే వద్దు. బండి వేగానికి తగ్గట్టు అది పరిగెత్తాల్సి వస్తుంది, తన ఓపికకు తగ్గట్టు కాదు. హస్కీ ఆగమని అడగదు, పడిపోయేదాకా పరిగెత్తుతుంది. ఆ జాతిని అలా పెంచారు.

పని మీ భార్య మీద 'పడింది' అని రాశారు. దానంతటది పడలేదు, ఎవరూ ఆమెను అడగలేదు. కుక్కను తెచ్చింది మీరు, షిఫ్టు మారేది మీకు, సర్దుకునేది ఆమె. బడి నుంచి వచ్చి, వంట చేసి, 22 కిలోల లాగుడు కుక్కను వీధిలో పట్టుకోవడం చిన్న పని కాదు. 'కొంచెం సాయం చెయ్యి' అని ఆమెను అడగకండి. కుక్క పనులన్నీ ఒక కాగితం మీద రాసి ముందు పెట్టి, ఏవి ఇష్టంగా చేస్తుందో, ఏవి ఇక ముట్టుకోదో ఆమె చేతనే గుర్తు పెట్టించండి. ముట్టుకోనన్నవాటి గురించి బేరం పెట్టొద్దు. అవి మీవి, లేదా జీతమిచ్చి పెట్టుకున్న మనిషివి. రేపు ఎండాకాలం సెలవులొస్తే 'ఇంట్లోనే ఉంటావుగా' అనే మాట మీ నోటికి రావచ్చు. విదర్భలో బడులు జూన్ చివరిదాకా తెరవరు కాబట్టి ఆ మాటతో దాదాపు రెండు నెలల చాకిరీ ఆమెకు అంటగట్టినట్టవుతుంది.

ఆ తర్వాత మూడు షిఫ్టులకూ మూడు వేర్వేరు పట్టికలు వేయండి. ఒకే పట్టికతో లాగుదామని చూడటమే ఇన్నాళ్లూ మీ ఇంట్లో గొడవకు మూలం. మీ వారం మారినా కుక్కకు రెండు పూటల తిండి, రెండు నడకలు, ఒకటికి మూడుసార్లు బయట పని వీలైనంత వరకు అదే వేళకు కావాలి. వేళ కొంచెం అటూ ఇటూ అయితే ఓర్చుకుంటుంది. వారానికోసారి పూర్తిగా తలకిందులైతే ఊళలూ చింపుళ్లూ పెరుగుతాయి.

మొదటి షిఫ్టు వారం సులువు. తెల్లవారుజామున 4.45కు లేచి అరగంట నడిపించి, తిండి పెట్టి వెళ్లండి. సాయంత్రం ఎండ దిగాక రెండో నడకా మీదే. మధ్యాహ్నం ఒకసారి పెరట్లోకి వదలడం ఒక్కటే అమ్మకు మిగులుతుంది.

నైట్ షిఫ్టు మీరు అనుకుంటున్నంత చెడ్డది కాదు. డ్యూటీకి ముందు రాత్రి 8.30కు నడక, పొద్దున వచ్చాక పది నిమిషాలు బయటికి, తిండి, ఆ తర్వాత ఇద్దరూ ఒకే గదిలో కూలర్ కింద నిద్ర. పగలు మీకు చీకటీ చల్లదనం కావాలి, దానికీ అంతే. ఎండ మండే గంటల్లో అది మీ కళ్ల ముందే ఉంటుంది.

చిక్కంతా రెండో షిఫ్టు వారంలో. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11.30 దాకా మీరుండరు. సాయంత్రం నడక మీ భార్య చేయనంటే ఆ ఆరు రోజులకు ఒక మనిషిని మాట్లాడుకోండి. కాలనీలో కుక్కలంటే భయం లేని, ఒంట్లో బలమున్న యువకుడు చాలు. ముందు వారం రోజులు మీతో కలిసి నడవాలి. అతని చేతికి తాడు ఇచ్చేముందు మెడపట్టీతో పాటు ఛాతీ దగ్గర కొక్కెమున్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) కూడా వేయండి. ఒకటి జారినా ఇంకొకటి ఆపుతుంది. తాడు మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. పిలిస్తే తిరిగొచ్చే జాతి కాదిది. ఎండాకాలంలో ఈ వారం మీకు ఇంకో వెసులుబాటుంది: డ్యూటీ నుంచి వచ్చాక రాత్రి పన్నెండుకు, వీధి సద్దుమణిగాక 20 నిమిషాలు నడిపించి పడుకోండి. నిద్ర చెడగొట్టుకుని మళ్లీ నాలుగున్నరకు లేవకండి. డంపర్లు తిరిగే చోట కునుకు తీసే ఓవర్‌మన్ వల్ల ప్రమాదం ఆయనొక్కడితో ఆగదు. వేళకాని వేళ తిప్పేటప్పుడు కాలనీ దీపాల మధ్యే ఉండండి. అడవి వైపు రోడ్డు, పొదలున్న ఖాళీ స్థలాలు వద్దు. చంద్రపూర్ జిల్లాలో పులీ చిరుతా ఎంత దగ్గరగా తిరుగుతాయో మీకు చెప్పాల్సిన పని లేదు.

మే నెలలో ఇక్కడ 45 దాటడం మామూలే. తెల్లవారుజామున కూడా 28, 30 దగ్గర ఆగుతుంది. మంచు దేశాల్లో బండి కుక్కల్ని తోలేవాళ్లు 15 డిగ్రీలు దాటితేనే గట్టి పరుగు ఆపేస్తారు. కాబట్టి ఫిబ్రవరి రెండో వారం నుంచి నవంబరు చివరిదాకా పరుగు అనేదే లేదు, నెమ్మది నడక మాత్రమే. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. ఎండాకాలంలో మీ కుక్కకు కావాల్సిన పరుగు తక్కువ, చల్లదనమూ బుర్రకు పనీ ఎక్కువ. బయలుదేరే ముందు అరచేతి వెనుక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. ఆనించలేకపోతే వెనక్కి వచ్చేయండి, తారు రాత్రి తొమ్మిదికి కూడా వేడిగానే ఉంటుంది.

కూలర్ ఏప్రిల్, మే పొడి గాలిలో బాగా పనిచేస్తుంది, ఎదురుగా కిటికీ తెరిచి ఉంటేనే. జూన్‌లో మబ్బు పట్టి గాలిలో తేమ పెరిగాక అది చల్లబరచదు. కుక్క చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్లే, నాలుక మీది తడి ఆరడం వల్లే. గాలే తడిగా ఉంటే ఆ తడి ఆరదు. అందుకే వానకు ముందు ఉక్కపోత రోజులు 45 డిగ్రీల రోజులంత ప్రమాదం. ఆ నెలరోజులకైనా ఒక గదిలో ఏసీ లేకపోతే బల్లార్షాలో హస్కీని ఉంచుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. కరెంటు పోతే ఫ్యానుకు ఇన్వర్టర్, నేల మీద తడి గోనె, మూడు చోట్ల నీళ్లు ఉండాలి. బొచ్చు గొరిగించమని ఎవరో ఒకరు చెబుతారు, వినొద్దు. పైబొచ్చు ఎండను చర్మం దాకా రానివ్వదు, గొరిగితే మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు కూడా. తీయాల్సింది లోపలి ఊలు. అది రాలే రోజుల్లో పళ్లు పొడవుగా ఉన్న దువ్వెనతో రోజూ 20 నిమిషాలు, పెరట్లో, మీరే. కూలర్ గడ్డిలో, పప్పు గిన్నెలో వెంట్రుకలు తగ్గితే ఇంట్లో సగం తగువు తగ్గుతుంది.

వడదెబ్బ గుర్తులు అమ్మకూ నేర్పించండి: ఆగని రొప్పు, జిగట చొంగ, ఎర్రటి చిగుళ్లు, తూలడం, వాంతి. ముందు చల్లార్చాలి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి. పొట్ట మీద, తొడల మధ్య, పాదాల మీద కుళాయి నీళ్లు ఆగకుండా పోస్తూ ఫ్యాను తిప్పండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తూ 103కు దిగగానే నీళ్లు ఆపండి. మనుషుల జ్వరం మాత్రలు వేయకండి, ఈ వేడికి అవి పనిచేయవు, హాని చేస్తాయి. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే, లోపలి దెబ్బ మర్నాడు బయటపడుతుంది. దగ్గర్లో ఆదివారం ఎవరు చూస్తారో ఇప్పుడే కనుక్కోండి. పెద్ద కేసులకు నాగపూర్ వెటర్నరీ కాలేజీ ఉంది గానీ 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణం వడదెబ్బకు పనికిరాదు.

అమ్మగారి భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. ఊరి కుక్క మొరుగుతుంది, ఎప్పుడో ఏడుస్తుంది. ఆ ఏడుపుకు మన పెద్దలు ఒక అర్థం చెప్పుకున్నారు. హస్కీకి మాత్రం ఊళే మాట. బల్లార్షా జంక్షన్‌లో రైలు కూతకూ, గనిలో బ్లాస్టింగ్ సైరన్‌కూ అది బదులిస్తోందని నా అనుమానం. వారం రోజులు ఊళ పెట్టిన వేళలన్నీ అమ్మనే రాయమనండి, పక్కన రైలు వినిపించిందో లేదో కూడా. మీరు వాదించి గెలవాల్సిన పని తప్పుతుంది. రాత్రి దాన్ని పట్టాల వైపు గదిలో కాకుండా లోపలి గదిలో, కూలర్ లేదా ఫ్యాను హోరులో పడుకోబెట్టండి. ఊళకు మీరు కేకేస్తే వంత పాడారనుకుంటుంది. పక్కింటికి కూడా ఆ కాగితం పట్టుకునే వెళ్లి మాట్లాడండి.

చింపే అలవాటుకు రెండు కారణాలుంటాయి, వైద్యం వేరు వేరు. పాత ఫోను ఒకటి గదిలో పెట్టి వీడియో తీయండి. మీరు వెళ్లిన అరగంటలోపే తలుపు దగ్గర గీకుతూ, చొంగ కారుస్తూ అరిస్తే అది ఒంటరితనపు భయం. రెండు నిమిషాలు వెళ్లి రావడంతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి, డాక్టరు మందు కూడా అవసరపడొచ్చు. కాసేపు పడుకుని, లేచి సోఫా వైపు నడిస్తే అది తోచకపోవడం. దానికి తిండిని గిన్నెలో పెట్టకండి. మడిచిన గోనెసంచిలో, అట్టపెట్టెల్లో దాచి వెతికించండి. తడిపిన తిండిని రబ్బరు బొమ్మలో కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే ముప్పావు గంట గడుస్తుంది. గోడ ఆరడుగులుండాలి, దాని పక్కన కూలర్ స్టాండు, డ్రమ్ము లాంటి మెట్లు ఉండకూడదు. తవ్వే చోట అడుగున్నర లోతున జాలీ పాతండి.

రోజుకు 250 నుంచి 300 గ్రాముల పొడి తిండి రెండు పూటలకూ కలిపి సరిపోతుంది, వేసవిలో ఇంకా తక్కువే తింటుంది, కంగారుపడి నెయ్యి కలపకండి. ఒట్టి పెరుగన్నంతో గడుపుతుంటే మాత్రం కళ్లచుట్టూ, మూతిచుట్టూ పెచ్చులు కడుతున్నాయేమో చూడండి. ఈ జాతిలో కొన్నిటికి పేగు జింకును సరిగ్గా పీల్చుకోదు, ధాన్యం తిండి ఎక్కువైతే అది ఇంకా తగ్గుతుంది. జింకు మాత్రలు మీరే కొని వేయకండి, మోతాదు ఎక్కువైతే విషమే. కూరలో ఉల్లిపాయ ఉన్న అన్నం పెట్టొద్దని అమ్మకు చెప్పండి.

ఇక మీ ముచ్చట. లాగించడం తప్పు కాదు, కాలం చూసుకోవాలి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా, తెల్లవారుజామున 15 లోపు ఉన్న రోజుల్లోనే. డాక్టరు కీళ్లూ గుండే చూసి సరేనన్నాక, భుజాలు నొక్కని ఎక్స్ ఆకారపు లాగుడు హార్నెస్, మీ నడుముకు వెడల్పాటి బెల్టు, మధ్యలో సాగే తాడు. మట్టిదారిలో, మొదట ఒక కిలోమీటరు, వారానికి మూడు రోజులు. తిండి పెట్టాక రెండు గంటలు, పరుగయ్యాక గంట ఆగాలి, లేకపోతే పొట్ట మెలిపడే ప్రమాదముంది. నీళ్లు ముందే ఇష్టంగా తాగాలంటే కొంచెం మాంసం ఉడికిన నీళ్లు కలపండి. సైకిలు సంగతి కుడి, ఎడమ, ఆగు అనే మాటలు అది మీతో నడుస్తూ నేర్చుకున్నాకే.

ఉంచుకోవాలా వద్దా అన్నది మార్చి ఆఖరుకు తేల్చండి, మేలో కాదు. మూడు పట్టికల్లో ప్రతి గడిలోనూ ఒప్పుకున్న మనిషి పేరుండాలి, ఏసీ గది ఉండాలి. రెండో షిఫ్టు సాయంత్రాల గడి ఖాళీగా మిగిలితే, లేదా అందులో మీ భార్య పేరు ఆమె ఒప్పుకోకుండా మీరే రాసేస్తే, కుక్కను ఇంకో ఇంటికి ఇవ్వండి. పెంచినవాణ్ని ఓడిపోయానని అనుకోకండి. ఆన్‌లైన్‌లో అమ్మొద్దు, అలా కొన్నవాళ్లు కుక్కపిల్లల్ని పుట్టించడానికి వాడుకుంటారు. ఇచ్చేముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా పుస్తకంతో, ముందు పదిహేను రోజులు చూసుకోవడానికని పంపండి. ఏసీ గది, ఎత్తు గోడ మీ కళ్లతో చూశాకే. కుదరకపోతే తిరిగి మీ దగ్గరికే రావాలని కాగితం మీద రాయించుకోండి.