నాలుగు రెగ్యులేటర్లూ ఒకే మోడల్‌వి కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి స్కూబాలో డైవ్‌మాస్టర్ (డైవర్ల వెంట ఉండి నడిపించే తొలి వృత్తి స్థాయి) శిక్షణ పూర్తిచేసింది. టెక్నికల్ డైవింగ్ నేర్చుకుని ఇన్‌స్ట్రక్టర్‌గా స్థిరపడాలని పట్టుదలగా ఉంది. సిలిండర్‌లోని గాలి పీడనాన్ని తగ్గించి పీల్చడానికి అందించే రెగ్యులేటర్ ఒకటి ఇప్పటికే ఉన్నా, ఒకే మోడల్‌వి నాలుగు కావాలంటోంది. ఇది వృత్తికి అవసరమేనా, లేక వృథా ఖర్చా?

జవాబు: మీ అమ్మాయి అడుగుతున్నది సబబైనదే. అయితే నాలుగూ ఒకేసారి కొనవలసిన అవసరం లేదు.

సాధారణ డైవింగ్‌లో ఇబ్బంది వస్తే నెమ్మదిగా పైకి వచ్చేయవచ్చు. టెక్నికల్ డైవింగ్‌లో లోతు, సమయం పెరిగి డికంప్రెషన్ (ఒంట్లో కరిగిన వాయువు మెల్లగా బయటికి పోయేలా మధ్యమధ్య ఆగుతూ పైకి రావడం) తప్పనిసరి అవుతుంది కనుక నిర్ణీత లోతుల్లో ఆగకుండా పైకి రావడం ప్రమాదకరం. అందుకే వీపున ఉండే జంట సిలిండర్లకు రెండు రెగ్యులేటర్లు, పైకి వచ్చేటప్పుడు పీల్చే వాయువుల సిలిండర్లకు తలా ఒకటి అవసరమవుతాయి. ఈ వాయువులు సాధారణంగా 21 మీటర్ల నుంచి 50 శాతం ఆక్సిజన్ మిశ్రమం, 6 మీటర్ల దగ్గర శుద్ధ ఆక్సిజన్. నాలుగు అన్న లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే.

ఇక ఒకే మోడల్ ఎందుకంటారా? రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్, సిలిండర్‌లోని 200 బార్ల పైచిలుకు పీడనాన్ని, చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే సుమారు 9, 10 బార్లు ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. దీన్నే మధ్యస్థ పీడనం అంటారు. డైవ్‌కు ముందు చిన్న గేజ్‌ను ఇన్‌ఫ్లేటర్ హోస్‌కు (తేలే జాకెట్‌లోకి గాలి నింపే గొట్టం) తగిలించి వాల్వ్ తెరిస్తే ముల్లు ఆ అంకె దగ్గర నిలబడాలి; గాలిని బయటికి వదిలే పర్జ్ బటన్ నొక్కితే కొంచెం పడి, వదలగానే తిరిగి అక్కడికే చేరాలి. అలా నిలవకుండా మెల్లగా పైకి పాకుతూ ఉంటే లోపల గాలిని ఆపే సీటు అరిగిందనో, అక్కడ మురికి చేరిందనో అనుమానించాలి. ఆ పీడనం అలాగే పెరిగితే నోట పెట్టుకునే భాగమైన సెకండ్ స్టేజ్ నుంచి గాలి దానంతటదే కారిపోతుంది. నాలుగూ ఒకే రకమైతే ఏది మామూలు, ఏది తేడా అన్నది చేతికి, కంటికి త్వరగా అలవాటవుతుంది. ఒకే సర్వీస్ కిట్, ఒకే పనిముట్లు సరిపోతాయి. ఒకటి మొరాయిస్తే మరొకదాని సెకండ్ స్టేజ్‌ను దానికి బిగించుకోవచ్చు.

ఈ సౌలభ్యానికి ఒక గట్టి మినహాయింపు ఉంది. శుద్ధ ఆక్సిజన్‌కు వాడే రెగ్యులేటర్‌ను ప్రత్యేకంగా శుభ్రపరిచి, ఆక్సిజన్‌కు తగిన ఓ-రింగులు, కందెన వేసి, గుర్తు పెట్టి విడిగా ఉంచాలి. మామూలు కంప్రెసర్ గాలికి వాడి మళ్లీ ఆక్సిజన్‌కు తగిలిస్తే, లోపల చేరిన నూనె అంశానికి నిప్పంటుకునే ప్రమాదం ఉంటుంది. టైటానియంతో చేసినవి ఈ పనికి అసలే వద్దు.

మోడల్ ఎంపికలో ఫస్ట్ స్టేజ్ లోపల పీడనాన్ని నియంత్రించేది పిస్టనా, డయాఫ్రమా (పలుచని పొర) అన్న వాదనకు నేను పెద్దగా విలువ ఇవ్వను. రెండింటిలోనూ మంచివి ఉన్నాయి. సిలిండర్ ఖాళీ అవుతున్నా శ్వాస బరువెక్కని బ్యాలెన్స్‌డ్ రకం కావాలి. వాల్వ్‌లోకి మరతో బిగుసుకునే డిన్ అమరిక కావాలి. చల్లని నీటిలో పనిచేయవలసి వస్తే, లోపల మంచు కట్టకుండా సీల్ చేసిన ఫస్ట్ స్టేజ్ ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యం, ఆమె పనిచేయబోయే చోట ఆ మోడల్ విడిభాగాలు దొరకడం. చాలా తయారీ సంస్థలు సర్వీసు శిక్షణను, విడిభాగాలను తమ డీలర్లకే పరిమితం చేస్తాయి కనుక, తాను చేరదలచిన డైవ్ సెంటర్ ఏ బ్రాండ్‌ను సర్వీస్ చేస్తుందో ముందే కనుక్కోమనండి. అక్కడే రిపేరు పని కూడా నేర్చుకుంటే, బోధనతో పాటు పరికరాల బాధ్యతా చూడగల ఇన్‌స్ట్రక్టర్‌గా ఆమెకు ఉద్యోగావకాశాలు పెరుగుతాయి. డైవింగ్ మందగించే కాలంలోనూ చేతికి పని ఉంటుంది.

ఇప్పుడున్న రెగ్యులేటర్ పై లక్షణాలకు సరిపోతే దానికి జతగా మరొకటి కొనండి. జంట సిలిండర్లతో ప్రాథమిక శిక్షణకు ఆ రెండూ చాలు. మూడోది డికంప్రెషన్ కోర్సులో చేరేటప్పుడు, నాలుగోది రెండో వాయువు వాడే స్థాయికి చేరాక కొనవచ్చు. పాతది సరిపోకపోతే మాత్రం దాన్ని సరదా డైవ్‌లకు ఉంచి, కొత్త మోడల్‌తో జతను మొదలుపెట్టించండి.