మాడిసన్‌కి రేపు తెలియదమ్మా

అమ్మాయికి ఆశీస్సులు.

కథ చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో రెండోసారికి గానీ తెలియలేదు. వర్జీనియాలో కాపురముంటూ, ఆ ఊళ్ళన్నీ తిరిగి, అమెరికా పార్లమెంటుకి (కాంగ్రెసంటారు) 1789లో అక్కడ జరిగిన మొదటి ఎన్నికలో, తర్వాత అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ పోటీ మీద తెలుగులో కథ రాయాలన్న బుద్ధి పుట్టడమే గొప్ప. గుర్రం జూలులో మంచు గడ్డకట్టిన వాక్యం బాగుంది. మెచ్చుకోళ్ళు అయిపోయాయి.

నీ మొదటి వాక్యం: "భావి అధ్యక్షుడు గుర్రం దిగాడు." ఎవడమ్మా భావి అధ్యక్షుడు? ఆ జనవరిలో గుర్రం దిగింది ముప్ఫై ఏడేళ్ళ పెళ్ళికాని మనిషి. అయిదడుగుల నాలుగంగుళాల వాడు, గొంతు చిన్నది. మొలల బాధ పడుతూ న్యూయార్క్ నుంచి ఇల్లు చేరినవాడు. అంతకు ముందు నవంబరులోనే సొంత రాష్ట్రం వర్జీనియా శాసనసభ అతన్ని కాంగ్రెసు ఎగువసభ సెనేట్‌కి పంపనంది. రిచర్డ్ హెన్రీ లీకి 98 ఓట్లు, విలియం గ్రేసన్‌కి 86, మాడిసన్‌కి 77. ఉన్నవి రెండే సీట్లు.

ఆ సభలో పాట్రిక్ హెన్రీ మాటకి ఎదురు లేదు. మాడిసన్ ముందుండి రాయించిన కొత్త రాజ్యాంగం పేరెత్తితే ఆయనకి పడదు. మాడిసన్ ఊరున్న ఆరెంజ్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), రాజ్యాంగం గిట్టని కౌంటీలు ఎక్కువగా ఉండేట్టు మరో ఏడింటిని కలిపి నియోజకవర్గం గీయించారు. పోటీచేసేవాడు ఏడాదిగా అక్కడే నివాసముండాలని చట్టంలో రాశారు, వేరేచోటికి తప్పించుకోకుండా. ఎదురు నిలబడిందెవరు? స్నేహితుడే. జేమ్స్ మన్రో, ముప్ఫై ఏళ్ళవాడు, స్వాతంత్ర్య యుద్ధంలో గాయపడ్డవాడు, మాడిసన్‌తో కలిసి మోహాక్ లోయలో భూమి కొన్నవాడు.

ఇదంతా నీ కథలో ఉంది, కాదనను. కానీ నీ మాడిసన్‌కి భయం లేదు. పదిహేను పేజీల్లో ఒక్కసారి కూడా ఓడిపోతానేమో అనుకోడు. చరిత్ర మీద కథ రాస్తే అందులో ఎవరికీ రేపు తెలియకూడదు. నలభై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను, నా వెనకాల నవ్వుకుంటారని కూడా తెలుసు. నీకు తెలుసు, చదివేవాడికి తెలుసు, గుర్రం మీదున్నవాడికి తెలియదు. నీకు తెలిసింది నువ్వు మింగెయ్యాలి.

ఇది నాకు ఒక దర్జీ నేర్పాడు. మా ఊరి సర్పంచి ఎన్నిక మీద ఒక నవల రాశాను. గెలిచినాయన తర్వాత ఎమ్మెల్యే అయ్యాడు. నా నవల్లో ఆయన మొదటి పేజీ నుంచీ ఎమ్మెల్యేలాగే నడిచాడు. అచ్చయ్యాక మా దర్జీ చదివి, "మాస్టారూ, ఆ రోజు ఆయన చెప్పు తెగింది. కుట్టించుకోడానికి బయటికొస్తే అపశకునమంటారని మధ్యాహ్నం దాకా నూతి గట్టు మీదే కూచున్నాడు. ఓడిపోతాడనే అనుకున్నాం అందరం" అన్నాడు. ఆ చెప్పు నాకెందుకు కనపడలేదు? మూడేళ్ళు రాశాను ఆ నవల. ఇప్పటికీ అటక మీద కట్టలున్నాయి.

చర్చి దగ్గర చర్చ సంగతి. నువ్వు ఉరుములూ చప్పట్లూ పెట్టావు. మాడిసన్ ముసలితనంలో చెప్పుకున్నది వేరు. కల్పెపర్ కౌంటీలో జర్మన్ లూథరన్ల చర్చి. వాళ్ళంతా ఒకవైపే ఓటేస్తారు కాబట్టి ఇద్దరూ వెళ్ళారు. ప్రార్థన అయింది, రెండు ఫిడేళ్ళు వాయించారు, తర్వాత జనాన్ని బయట మంచులో నిలబెట్టి ఇద్దరూ మాట్లాడారు. వాళ్ళు కోడిపందెం చూడ్డానికొచ్చినట్టు ఓపిగ్గా నిలబడ్డారట (పందెం అన్నది ఆయనే, కోళ్ళు నావి). ఆ రాత్రి మాడిసన్ పన్నెండు మైళ్ళు స్వారీ చేస్తే చలికి ముక్కు కొరుక్కుపోయి, మచ్చ చివరిదాకా ఉండిపోయింది. ఇంత ముక్కు చేతిలో పెట్టుకుని నువ్వు చప్పట్లు రాశావు!

ఇంకొకటి. 1777లో మాడిసన్ రాష్ట్ర శాసనసభ ఎన్నికలో ఓటర్లకి మందు పోయనని భీష్మించి, ఒక సారాకొట్టు యజమాని చేతిలో ఓడిపోయాడు. అంతటి మడిమనిషి 1789 జనవరి 2న జార్జ్ ఈవ్ అనే బాప్టిస్టు బోధకుడికి ఉత్తరం రాశాడు. రాజ్యాంగంలో పౌరుల హక్కులు చేర్చే సవరణలు ఇప్పుడే అక్కర్లేదన్నవాడు, మొదటి కాంగ్రెసే వాటిని తయారుచెయ్యాలన్నాడు. ఓట్ల కోసమా, మనసు మారిందా? నువ్వు వెంటనే "ఆ ఉత్తరమే హక్కుల చట్టానికి పునాది" అని తేల్చేశావు. జూన్ 8న సభలో ఆ సవరణలు పెట్టిన సంగతి మాకు తెలుసు. ఉత్తరం మడతపెడుతున్నప్పుడు అతనికి సిగ్గేసిందా, అది రాయి.

"ప్రజలు" అన్న మాట పదకొండు చోట్ల వాడావు, లెక్కబెట్టాను. ఓటున్నది భూమి ఉన్న తెల్ల మగవాళ్ళకి. మాడిసన్ల పొగాకు చేలల్లో పనిచేసిన బానిసలు ఆ పదకొండింట్లో ఎక్కడున్నారు?

చివరి పేరా నీది కాదని నా అనుమానం. "ప్రజాస్వామ్యం వికసించింది" అనే వాక్యం ఎవరిదో నాకు తెలుసు. నా రోజుల్లో ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలకి తోక తగిలించేవాడు, సందేశం లేదని. నా పేరు కిందే ఆయన సందేశం అచ్చయ్యేది, పాతిక రూపాయల మనియార్డరు మాత్రం నాకు. ఇప్పుడు కథల పోటీలవాళ్ళు ఆ పని నీచేతే చేయిస్తున్నారు. కొట్టెయ్.

ఇక లెక్కలు. మాడిసన్ 1308, మన్రో 972. చివరి పేజీలో వేసి వదిలేశావు. కౌంటీల వారీగా చూశావా? గూచ్లాండ్‌లో 132కి 133, ఒక్క ఓటు తేడాతో మన్రోది. కల్పెపర్లో 256కి 103. సొంత కౌంటీ ఆరెంజ్‌లో మాడిసన్‌కి 216, మన్రోకి 9.

ఆ తొమ్మిది దగ్గర నేను ఆగిపోయాను. అప్పట్లో చీటీల్లేవు. కోర్టు దగ్గర షెరీఫ్ ముందు నిలబడి, ఊరంతా వింటుండగా ఎవరికి ఓటో నోటితో చెప్పాలి. ఫిబ్రవరి 2, ఎముకలు కొరికే చలి. చుట్టూ మాడిసన్ చుట్టాలు, అప్పులిచ్చినవాళ్ళు, పక్క పొలం వాళ్ళు. తొమ్మిదిమంది నడిచొచ్చి మన్రో అన్నారు. నీ కథలో వాళ్ళు లేరు.

ఆ తొమ్మిదిమందిలో ఒకడు ఆ సాయంత్రం ఇంటికెలా వెళ్ళాడో రాసి పంపు. అయిదు పేజీలు చాలు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, మార్చిలో నా ఎడమకంటికి ఆపరేషను.

మీ మాస్టారు